చీమలు ముట్టని ముంత

మా అమ్మకు ఒక్కగానొక్క అన్న, మా మావ, పోయాడు. కళింగపట్నం నుంచి వచ్చిన చేపలామె గంప దించకుండానే ఆ కబురు చెప్పింది. "జొరవొచ్చి ఎలిపోనాడమ్మా మీ మావ. ఆ తోపుకింక దిక్కెవలు?"

నాకు కల్లంటే అసహ్యం. ఆ పులిసిన కంపు, మీసాల మీద నురగ, సంతరోజున దారి పక్కన కక్కి పడుకునేవాళ్లు, వాళ్ల మీద ముసిరే ఈగలు. అలాంటి నేను కల్లుగీసే మనిషి గురించి రాస్తున్నానంటే, మా మావ తోపులో ఆ కంపు ఉండేది కాదు కాబట్టే.

ఇసక నేలలో సొంత తాటితోపు ఆయనది. ఒక ఏడు గీసిన చెట్టును మరుసటి ఏడు ముట్టడు. "ఈనిన ఆవుని ఊపిరి పీల్చుకోనిస్తాం గదా, సెట్టుకొద్దేటి?" అనేవాడు. అమావాస్య నాడు కొత్త గెలకు కత్తి పెట్టడు. వేసవి ముందు పెంటికల ఎరువు కోసం తోపులో గొర్రెల మందను కట్టించేవాడు. ఎరువుల బస్తా అమ్మవచ్చిన మనిషిని మాత్రం గట్టు దాటనివ్వలేదు. "నా సెట్టుకి జబ్బేటి సేసిందని మందెడతావు?" అన్నాడు.

కుండలు కడిగి గడ్డిమంట మీద బోర్లించి పొగపట్టేవాడు. దించిన కల్లు ఆకులో రెండు చుక్కలు వేసి నేలమీద పెట్టేవాడు. చీమలు వస్తేనే మనుషులకు పోసేవాడు. "సీమకి మొగమాటం నేదే. మంచిదైతే వస్తాది, నేకపోతే నేదు." ఒకసారి నా చేత కూడా తాగించాడు. ముక్కు మూసుకుని తాగాను. లేత ముంజ తీపి, కొంచెం పొగ. "ఇప్పుడు సెప్పు" అన్నాడు. బాగుందని ఒప్పుకున్నాను.

మద్యనిషేధం సడలాక రోడ్డు మీద కల్లు దుకాణం వెలిసింది. ముంతెడు కల్లుకు కుండెడు నీళ్లు, పైన తీపికి శాకరిన్. తొట్టిలో తేలే ఈగల్ని వేలితో తోసి పోస్తుంటే నా కళ్లతో చూశాను. మావ ఆ వైపు వెళ్తే ఉమ్మేసి వచ్చేవాడు. "నాను సచ్చినా ఆ కుడితి నా కాడికి తేకండి" అని ఇంట్లో అందరికీ చెప్పాడు.

పెద్దకర్మ నాడు ఆయనకిష్టమైనవన్నీ విస్తట్లో పెట్టారు. పక్కనే మా బావ, ఆయన కన్నకొడుకే, ఒక ముంత పెట్టాడు. వాసన తగలగానే తెలిసింది.

"ఇది దుకాణందేనా బావా?"

"మరేటి సెయ్యమంతావు? మైలలో మోకు ముట్టకూడదు, సెట్టెక్కకూడదు. ఏదైనా కల్లే గదా."

పెద్దలంతా తలలూపారు. మైల మోకుకు అంటుతుందట, శాకరిన్‌కు అంటదట. వాళ్ల ఆచారం మీద, ఆ తలల మీద నాకు పుట్టిన రోత ఇంకా పోలేదు.

లేచి తోపులోకి వెళ్లాను. ఆయన చివరిసారి కట్టిన కుండలు నిండి, పొర్లి, మానుల వెంట చారలు కట్టాయి. ఆ తోపులో మొదటిసారి పులిసిన కంపు కొట్టింది. దుఃఖం అప్పుడొచ్చింది.

తిరిగొచ్చి ముంత తీసి ఇసకలో వంపేశాను. "ఒసే, ఏటా పని?" అన్నాడు బావ. విస్తట్లో అన్నానికి చీమలు బారు కట్టాయి. ఆ తడి దాకా వచ్చిన చీమలు కాసేపు ఆగి, దాని చుట్టూ తిరిగి, అన్నం వైపు వెళ్లిపోయాయి.