బర్రె నోట్లో పెట్టిన చెయ్యి

మా బామ్మర్దిది పెద్దేముల్. తాండూరులో నాపరాయి బండలు కోస్తాడు. అంచులు కోసుకుని అరచేతులు ఎప్పుడూ చీలికలే. కారం తగిలితే మంటని, ఆ పనిలో ఉన్న చాలామందిలాగే అన్నం చెంచాతో తింటాడు.

ఈ మధ్య వాళ్ల బర్రె మేత మానేసి, చొంగ కారుస్తూ, గొంతు పట్టేసినట్టు అరవసాగింది. మామిడి టెంక ఇరుక్కుందనుకుని మావాడు మోచేతి దాకా దాని నోట్లో పెట్టి వెతికాడు. టెంక లేదు. మర్నాడు బర్రే లేదు. అది పిచ్చికుక్క కాటు రోగంలాగే ఉందన్నాడు పశువుల డాక్టరు.

కబురు విని వికారాబాద్ నుంచి నేను వెళ్లేసరికి వాకిలి నిండా జనం. అందరూ ఆ పాలతో చాయ్ తాగినవాళ్లే.

"మాకు గూడ సూదులేనా అల్లుడా?" అంది పక్కింటి పెద్దమ్మ.

"కాగబెట్టిన పాలకు సూది అక్కర్లే అన్నడు డాక్టరు. ఫికర్ జెయ్యకు పెద్దమ్మా. నువ్వు మమ్మల్ని కరిస్తే అప్పుడు సూద్దాం" అన్నాను.

వాకిలంతా నవ్వింది. బామ్మర్దీ నవ్వుతూ అన్నానికి కూర్చున్నాడు.

"నువ్వు నవ్వకు. సూది నీకే" అన్నాను.

"నాకెందుకు బావా? కుక్క కరవలే, బర్రె కరవలే. చేతికి గాయం గూడ లేదు."

చేతిలోని చెంచా లాక్కున్నాను. "గాయం లేదా? అయితే గా కారం తొక్కు అన్నంల చేత్తోని కలుపు."

చెయ్యి కంచం దాకా వెళ్లి ఆగిపోయింది.

"కరవాల్నని ఏం లేదు బామ్మర్ది. తెగిన తోలు మీద గా చొంగ పడితే చాలు. రోగం బయటపడ్డంక ఎవ్వలేం జెయ్యలేరు. ఇప్పుడైతే సూది ఉన్నది. లే!"

నల్లా కింద సబ్బుతో చేతులు చాలాసేపు కడిగించి, ఆటోలో తాండూరు దవాఖానకు తీసుకెళ్లాను.

"ఏం కరిచింది?" అడిగింది నర్సు.

"ఎవ్వలు కరవలేదమ్మా. మావోడే పండ్ల డాక్టర్ లెక్క బర్రె నోరు సూశిండు."

ఆమె నవ్వలేదు. అరచేతులు తిప్పి చూసి, చీలికల దగ్గర కూడా సూదులు వేయించింది. "రమ్మన్న దినమల్ల రావాలె. ఒక్కటి గూడ తప్పొద్దు."

బయటికి రాగానే బామ్మర్ది చెయ్యి చాపాడు. "నా చెంచా ఇయ్యి."

"ఆఖరి సూది పడ్డంక ఇస్త" అని జేబులో వేసుకున్నాను.

వాళ్లింట్లో చెంచాలకు కరువేం లేదు. అయినా ప్రతి సూదికీ వెళ్లాడు. ఆఖరిది వేయించుకున్న రోజే వికారాబాద్ వచ్చి, గుమ్మంలో నిలబడి చెయ్యి చాపాడు.

తోమి ఇచ్చాను.