సింహద్వారం చెక్కతో గిటారు

ఎల్బీ నగర్ దగ్గర కొత్త కాలనీలో మా ఇల్లు లేస్తున్న రోజులవి. మేము దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. సింహద్వారం చేయగా ఒక మందపాటి టేకు చెక్క మిగిలింది. దాంతో పీట చేయిద్దామంది అమ్మ. ఎలక్ట్రిక్ గిటారు చేయించుకుంటానన్నాను నేను. నాన్న పకపకా నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వలేదు.

ఆవిడ కోపానికి కారణముంది. కృష్ణా జిల్లా నుంచి వచ్చేటప్పుడు సామానంతా లారీకెక్కించి, వీణను మాత్రం కండక్టరుతో పోట్లాడి బస్సులో తన పక్కనే పెట్టుకుని తెచ్చుకున్న మనిషి. నాకు పదేళ్ళపాటు కూర్చోబెట్టి నేర్పింది. నేను డిగ్రీలో చేరగానే, క్లాసులో ఒకమ్మాయి గిటారు వాయిస్తుంటే చూసి మతిపోయి, ఇక వీణ ముందు కూర్చోనని చెప్పేశాను. అమ్మ వీణకి గలేబు తొడిగి మూలన పెట్టేసింది. తను కూడా వాయించడం మానేసింది. అలిగితే అన్నం మానేయాలిగానీ వాయించడం మానేయడమేమిటని నాకు ఒళ్ళు మండేది. లోపల మాత్రం గిల్టీగా ఉండేది. ఆ మొండితనమే నాకూ వచ్చింది కాబట్టి ఆ మాట పైకి చెప్పలేదు.

ఇప్పుడీ గిటారు సంగతి విని అమ్మ పందెం వేసింది. "వినాయక చవితి లోపల నీ చెక్క సరిగమలు శుద్ధంగా పలికిందనుకో, నీకిష్టమొచ్చింది వాయించుకో. నేను అడ్డు రాను. పలకలేదో, మళ్ళీ వచ్చి వీణ ముందు కూర్చోవాలి. సరేనా?"

"సరే" అన్నాను. చవితికి ఇంకా రెండు నెలలుంది. నా ధైర్యం చూడాలి!

అప్పట్నుంచి కాలేజీ అయిపోగానే కోఠీలో దిగి తిరగడమే నా పని. సుల్తాన్‌బజార్‌లో మెడ విరిగిన పాత గిటారొకటి దొరికితే దాని తీగలు బిగించే బిరడాలు మాత్రం ఊడదీయించుకున్నాను. తీగల కదలికని కరెంటుగా మార్చే పికప్పు, పాత రేడియోలూ టేపురికార్డర్లూ కుప్పపోసిన కొట్లో దుమ్ము కింద కనిపించింది. ఆ రోజు బస్సులో దాన్ని గుప్పిట్లో పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ దాకా నిలబడే వచ్చాను, చెయ్యి నొప్పి పుట్టినా తెలియలేదు. శబ్దం పెంచి తగ్గించే గుండీలు మా వీధి రేడియో మెకానిక్ ఇచ్చాడు. మా ఇంటి పెద్ద రేడియో వెనకాల గ్రామఫోను తగిలించుకునే రంధ్రముందని, గిటారు వైరు అందులో పెడితే చాలని కూడా ఆయనే చెప్పాడు. ఇక మెడ మీద తీగ నొక్కే మెట్ల కోసం ఆ క్లాసమ్మాయి గిటారు మీద న్యూస్‌పేపరు పరిచి, పెన్సిల్‌తో రుద్ది, ఏ మెట్టు ఎక్కడుందో అచ్చు దింపుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

చెక్కపని మా తలుపులు చేస్తున్న వడ్ల మేస్త్రిది. నల్గొండ వైపు మనిషి. చేతిలో ఉలి ఉంటే దేవుడు పిలిచినా పలకడు. గిటారు ఒళ్ళు నున్నగా చెక్కి, సింహద్వారానికి వేసిన పాలిషే దానికీ వేశాడు. చవితి ఇంకా నాలుగు రోజులుందనగా ఆదివారం మధ్యాహ్నం దాన్ని తువ్వాల్లో చుట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఎంత అందంగా ఉందని! నేను గంతులేశాను. తీగలు కట్టి, వైరు రేడియోలో గుచ్చి, మీటాను. రేడియోలోంచి ఖంగుమని నాదం వచ్చింది. నాన్న చప్పట్లు కొట్టాడు.

తర్వాత సరిగమలు వాయించబోయాను. మొదటి మెట్ల దగ్గరే అనుమానం వచ్చింది. పైకి పోయేకొద్దీ ఒక్క స్వరమూ దాని చోట లేదు. వంటింట్లోంచి అమ్మ చెవులు మూసుకుని వచ్చింది.

అప్పుడు చూశాను. మెట్లన్నీ సమాన దూరంలో ఉన్నాయి.

"నా కాగితంలో ఇలా లేదు కదా మేస్త్రీ!"

"నీ కాగితంల గీతలు వంకరగున్నయ్ బిడ్డా. ఒకటి జాగ ఎక్కువ, ఒకటి తక్కువ. ఆడపిల్ల చెయ్యి, తప్పు గీసిందనుకున్న. నేనే సాపుజేసిన" అన్నాడు గర్వంగా. "సూడు, కిటికి సలాకల లెక్క పెట్టిన. నూలుపోగంత తేడ రాదు."

"ఆ కాగితమేదీ?"

"జిగురు కాసిన పొయ్యిల వడ్డది."

నా ప్రాణం పోయింది. నమూనా ఇచ్చిన అమ్మాయి పండక్కి ఊరెళ్ళిపోయింది. పందెం ఓడిపోయినట్టే. మేస్త్రి మీద అరిచాను. ఆయన ముఖం చిన్నబోయింది. "సమానంగున్నదాన్ని తప్పంటరా ఎవరన్న? నువ్వే జెప్పమ్మా" అని అమ్మ వైపు తిరిగాడు.

అమ్మ హాయిగా ఊరుకుంటే సరిపోయేది. నాలుగు రోజులాగితే నేను వీణ ముందుకి వచ్చేదాన్ని. ఆవిడ మూలకి వెళ్ళి, గలేబు విప్పి, వీణ తెచ్చి మేస్త్రి ముందు పెట్టింది. "ఈ మెట్లు చూడండి మేస్త్రిగారూ."

ఆయన వేళ్ళతో కొలిచాడు. "అరె! గివి గుడ పైకి వోయినకొద్ది దగ్గరికొస్తున్నయ్?"

"అలా దగ్గరైతేనే స్వరం నిలుస్తుందండీ. ఈ గిటారు మెడకి కొత్త పలక ఒకటి అతికించుకురండి, మెట్లు లేకుండా. మెట్ల చోటు నేను చూపిస్తాను."

చవితి ముందు రోజు పొద్దున్నే మేస్త్రి కొత్త పలక అతికించిన గిటారుతో వచ్చాడు. అమ్మ వరండాలో చాప వేసుకుని గిటారుని ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టుకుంది. వీణ మెట్లు నిలబెట్టే మైనం పెట్టెలోంచి తీసింది. చిన్నప్పుడు వాళ్ళింట్లో వీణకి మెట్లు అమర్చి మేళం కట్టేటప్పుడు మైనం పిసికివ్వడం తన పనేనట. ఇన్నేళ్ళలో ఆ ముచ్చట నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మైనం మీద ఇత్తడి ముక్క ఆనించి, తీగ మీటి, వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ మీటేది. తృప్తి కలిగితే తలూపేది. మేస్త్రి పెన్సిల్‌తో గీత గీసేవాడు. ఎనిమిది గీతలయ్యాక నాకు జాలేసింది.

"అమ్మా, నువ్వు పందెం ఓడిపోతున్నావు, తెలుస్తోందా?"

"నోరు మూసుకుని ఆ మైనం ఇటివ్వు. అపస్వరం ఇంట్లో ఉంటే నాకు అన్నం సయించదు."

మధ్యాహ్నానికి మేస్త్రి ఆ గీతల మీదే గాట్లు కోసి మెట్లు దింపాడు. "సమానంగ లేనిది సక్కగుంటదని నాకియ్యాల్నే ఎరుక" అని పైకీ కిందికీ చూసుకుంటూ కూర్చున్నాడు. వైరు రేడియోలో గుచ్చాం. అమ్మ, ఎలా పలుకుతుందో ఒక్కసారి చూసి ఇస్తానంది. ఒళ్ళోంచి దించకుండానే సరిగమలు పలికించింది. అన్నీ శుద్ధంగా ఉన్నాయి. తర్వాత ఒక వర్ణం ఎత్తుకుంది. రేడియో గుయ్యిమంటున్నా, గోడ మీద పక్కింటివాళ్ళ తలలు లేచినా ఆవిడకి పట్టలేదు. రెండేళ్ళుగా మా ఇంట్లో వినపడని చెయ్యి అది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

"నేను గెలిచాను, ఇక ఇటివ్వు" అన్నాను.

"ఆగు" అంది. అనుపల్లవికి వెళ్ళింది.

మళ్ళీ అడిగాను. మళ్ళీ "ఆగు" అంది. ఎంతసేపని నిలబడతాను? చాప మీద గలేబు లేకుండా వీణ ఉంది. దాని ముందు కూర్చున్నాను. శ్రుతి చేసుకుని, భయపడుతూ, ఆవిడ వాయిస్తున్నదే అందుకున్నాను.

అమ్మ గిటారు మీంచి తలెత్తలేదు.

"గాంధారం దిగింది. మళ్ళీ వాయించు" అంది.