అతికించని గాజు మూత

కల్లూరులో మా మేడమీది గదిలో అద్దెకుండిన పెద్దాయన ఒకప్పుడు వైమానిక దళంలో మెకానిక్. ఆయనంటే నాకు ఇష్టమే, భయం తర్వాత వచ్చింది. ప్లాస్టిక్ ముక్కలు అతికించి విమానం బొమ్మలు చేసేవాడు. ఎన్ని చేసినా ఒకే యుద్ధ విమానం. దాని తోక దగ్గర పెన్సిల్ పొడితో మసి పూసి, రెక్కల మీద సూదితో గీతలు గీసేవాడు. గోరంత పైలట్ బొమ్మను చిన్న పట్టకారుతో సీట్లో కూర్చోబెట్టి, పక్కన చీపురుపుల్లల నిచ్చెన ఆనించేవాడు. పైలట్ తలమీది గాజు మూత మాత్రం ఊరికే పెట్టేవాడు, అతికించేవాడు కాదు.

"లోపలికి దుమ్ము పోతాది గదా సార్, అతికించగూడదా?" అన్నానొకసారి.

"అతికిస్తే ఆయప్ప యాడ దిగుతాడప్పా?" అన్నాడు తలెత్తకుండా. పట్టకారు పక్కన పెట్టి, "ఆయప్పకు బెల్టు బిగించి, మూతేసి, నిచ్చెన తీసింది నేనే. ఆ పొద్దు పోయిన విమానం తిరిగి రాలేదు" అన్నాడు.

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం ఆయన టీకి పిలిస్తే పైకి వెళ్లాను. బల్లమీద కొత్త విమానం ఉంది. గాజు మూత అంచున జిగురు ఇంకా తడిగా మెరుస్తోంది. లోపల సీటు ఖాళీ. పక్కన మూడు గ్లాసుల్లో టీ పోసి ఉంది.

"పైలట్ యాడ సార్?" అంటూ నేనెప్పుడూ కూర్చునే కుర్చీ లాక్కోబోయాను.

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆయన నవ్వగా చూడడం నాకదే మొదటిసారి.

"ఆ కుర్చీ వద్దప్పా. ఇప్పుడే దిగినాడు, శానా అలిసి కుచ్చోనుండాడు."