ఇంటింటికీ తిరిగిన అవ్వ

పోయిన శుక్రవారం పొద్దున, హిందూపురం గార్మెంట్సుకు పోయే బస్సులో పక్క సీటామెకు ఫోనొచ్చింది. విని నా వైపు తిరిగి, "బొరుగులవ్వ పోయిందంటక్కా. వాకిలి ఊడుస్తా ఊడుస్తా అట్లే కూలబడిందంట," అనింది. నేను తర్వాతి స్టాపులో దిగి, రోడ్డు దాటి, వెనక్కి పెనుకొండ బస్సు కోసం నిలబడినాను. ఏడుపు రాలేదు. మమ్మల్ని క్షమించిందో లేదో ఎన్నడూ అడగలేదు, ఇంక అడిగేదానికి మనిషి లేదు అనిపించింది.

మా అమ్మాయి చదివే బడి గేటుకు ఎదురుగా ఆమె బొరుగులు అమ్మేది. "కొసరవ్వా" అంటే చాలు, ఇంకో గుప్పెడు వేసేది. పొట్లం చేతికిచ్చే ముందు ప్రతి పిల్లనూ "సద్ది తిన్న్యావా?" అని అడిగేది. తిన్లేదంటే దుడ్లు తీసుకునేది కాదు. తల్లీ తండ్రీ లేని మనవరాలిని మసీదు పక్క ఇంట్లో ఎనిమిదో తరగతి దాకా ఒక్కతే సాకింది. ఆ పిల్ల మా అమ్మాయి క్లాసే. ముఖం మీద, చేతుల మీద తెల్లమచ్చలుండేవి.

దాచకుండా చెప్పాల. ఆ పిల్లను ఏడిపించిన నలుగురిలో మా అమ్మాయి ఒకతి. ఇన్‌స్టాలో ఆ పిల్ల పేరుతో పేజీ పెట్టినారు. అన్నం తింటుంటే, జడ వేసుకుంటుంటే చాటుగా తీసిన ఫోటోలు, పక్కన మచ్చల ఆవు బొమ్మలు. క్లాసంతా కామెంట్లు రాసింది. ఆ తర్వాత ఒకరోజు ఇంటర్వెల్లులో బాత్రూముల వెనక్కి లాక్కుపోయి, "మచ్చలు కనపడకుండా చేస్తాం" అని ముఖమంతా సుద్దపొడి పూసినారు. విడిపించుకోబోతే తోసినారు. మెట్టు మీద పడి చెయ్యి విరిగింది. అదంతా వీడియో తీసినారు. సాయంత్రానికి ఊర్లో చానా ఫోన్లలో ఉంది.

మరునాడు అవ్వ మా గడప బయట నిలబడింది.

"ఆ వీడియోలో నగేది నీ బిడ్డే పాపా. దినామూ నాతో మాట్లాడే గొంతు, నాకు తెలీదా?"

"మా పాప అట్లాంటిది కాదవ్వా," అని తలుపేసినాను.

గార్మెంట్సులో ఫోను రానీయరని నేను ఇంట్లో పెట్టిపోయేదాన్ని. తలుపేసి ఆ ఫోను తెరిచి చూస్తే వీడియో అందులోనే ఉంది. మా అమ్మాయి బడికి ఎత్తుకుపోయి తీసిందే దాంతో.

బడిలో పెద్దసారు అందరినీ పిలిచి, "చిన్నపిల్లలు, రాజీ పడండి," అన్నాడు. అవ్వ లేచింది.

"కేసు పెడితే ఈ పిల్లోల్ల చదువు పోతాది. పెట్టకుంటే నా బిడ్డ బతుకు పోతాది. నాకు రాజీ వద్దు సారూ. ఆ వీడియో యాడాడికి పోయిందో ఆడాడికి పోయి తీసేయించండి. నేనూ వస్తా."

"అయ్యే పని కాదవ్వా," అన్నాడు సారు. కాదని నాకూ తెలుసు. అయినా ఆదివారం మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆమె వెంట పోయినాను. మిగతా మూడిళ్ళ నుంచి ఎవరూ రాలేదు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఇంటింటికీ పోయి అడిగేది: "మా బిడ్డ వీడియో మీ పిల్లోని ఫోన్లో ఉండాదంట, రోంత తీసేయమను తల్లీ." కొందరు తీసేసినారు. కొందరు మాకు రానేలేదన్నారు. ఒకాయన తీసేసే ముందు ఇంకొకసారి చూస్తానని, మా ముందరే సౌండు పెట్టి చూసినాడు. అవ్వ తల తిప్పుకోలేదు. అయిపోయేదాకా నిలబడి, "ఇంక తీసేయి నాయనా," అనింది. మా అమ్మాయి ఆ వాకిట్లోనే వాంతి చేసుకుంది. అవ్వ తన కొంగుతోనే దాని మూతి తుడిచింది. "నగేది వేరే, కరిచేది వేరే. నీకు ఎవరూ చెప్పలేదేమో," అనింది. నేను చెప్పలేదు. నిజమే.

మనవరాలిని ధర్మవరంలో మేనత్త ఇంటికి పంపి, అక్కడి బళ్ళో చేర్పించింది. మూడోరోజే ఎవరో క్లాసులో ఆ వీడియో తెరిచి చూపించినారు. పిల్ల తిరిగొచ్చేసింది. అప్పట్నుంచి ముఖం మీద చున్నీ తీయదు, ఎవరితోనూ మాట్లాడదు.

అయినా ఆ ఆదివారం అవ్వ మళ్ళీ వచ్చింది. "రాండి, పోదాం. ముదిగుబ్బలో ఒకరి దగ్గరుండాదంట."

"ఎంతమంది దగ్గర తీసేయిస్తావవ్వా? అయ్యేది కాదని నీకూ తెలుసు గదా?"

"తెలుసు. ఇంట్లో కూసుంటే నా బిడ్డను చూస్తా కూసోవాల. అదెట్లయితాది నాకు?"

పోయినాం. ఆ మనిషి ఇంట్లో లేడు. మేము కలిసి తిరిగింది అదే ఆఖరు.

నా బిడ్డను ఆమె ఒక్కమాట తిట్టలేదు. తిట్టింటే మేము తేలికపడేవాళ్ళమేమో. దాన్ని వెంట తిప్పుకుంది, అంతే. నేను పదమూడేళ్ళు పెంచి నేర్పలేనిది కొన్ని ఆదివారాల్లో నేర్పింది. దానికి నేను ఆమెకు దండం పెట్టుకోవాల. కానీ ఆమె బిడ్డకు మాత్రం ఏమీ తిరిగి రాలేదు.

ఆ శుక్రవారం మగవాళ్ళు అవ్వ జనాజాను ఖబరస్తాన్‌కు ఎత్తుకుపోయినాక ఇంట్లో ఆడవాళ్ళం మిగిలినాం. మనవరాలు గోడకానుకుని కూర్చునింది. మా అమ్మాయి పోయి పక్కన కూర్చునింది. ఆ పిల్ల లేచి, అవతలి గోడకు పోయి కూర్చునింది. మా అమ్మాయి బయటికొచ్చి, వాకిట్లో అందరూ విడిచిన చెప్పుల పక్కన చతికిలబడింది. పొమ్మని ఎవరూ అనలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులేసుకుని పోయినారు. పొద్దు వాలేసరికి దాని చుట్టూ నేల ఖాళీ అయింది. అది లేవలేదు.