మా ఆయన చేసిన కారు

దెయ్యాలున్నాయంటే ఒప్పుకునే మనిషిని కాను. మా నాన్న బాపట్ల దగ్గర పాస్టరు. పోయినవాళ్ళు ప్రభువు దగ్గరికి వెళ్తారు, మళ్ళీ రారని నేర్పారు. సిడ్నీలో నర్సుగా ఎంతోమంది కన్నుమూయడం చూశాను. వాళ్ళలో ఎవరూ మళ్ళీ నాకు కనిపించలేదు. అయినా ఇది రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

ఎనభైల చివర్లో మేం, మా చిన్నపాపతో, సిడ్నీ శివార్లలోని బ్లాక్‌టౌన్‌లో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన జోసెఫ్ కార్లకు సొట్టలు తీసి రంగులేసే షెడ్డులో పనిచేసేవారు. యజమాని పేరు కెవిన్. అతనికి స్ట్రీట్ రాడ్‌ల పిచ్చి. అంటే పూర్వకాలపు కారు బాడీకి బలమైన ఇంజిన్ బిగించి, ఆకారం మార్చి, తళతళలాడే రంగేసి రోడ్డెక్కించడం. సెలవు రోజుల్లో అలాంటివాళ్ళంతా పార్కులో కార్లు వరసగా నిలిపి, బానెట్లెత్తి, బార్బెక్యూ పొయ్యి మీద సాసేజీలు కాల్చుకుంటూ వాటి గురించే మాట్లాడుకునేవారు.

కెవిన్ ఎవరిదో పొలంలోంచి తుప్పుపట్టిన రెండు తలుపుల పాత కూపే కారు బాడీ తెచ్చి షెడ్డులో పడేశాడు. దాన్ని కారు చేసింది మా ఆయన. టాపు కోసి కిందికి దించారు. మడ్‌గార్డులు రేకు కొట్టి సొంతంగా మలిచారు. ఇంజిన్ బిగించారు. నేరేడుపండు రంగు వేశారు. ఏళ్ళ తరబడి ఆదివారాలన్నీ దానికే పోయాయి.

"ఈ ఒక్క వారమే కరుణా, వచ్చేవారం చర్చికి తప్పకుండా వస్తా," అనేవారు.

రాలేదు. కారు పూర్తయిన కొన్నాళ్ళకే, ఆ షెడ్డులోనే గుండె ఆగి పోయారు.

తర్వాతి ఈస్టర్ సెలవుల్లో ఒక పెద్ద హాల్లో కార్ షో పెట్టారు. చర్చిలో పరిచయమైన ఇంజినీరు రాజు అన్నయ్య నన్ను తీసుకెళ్ళారు. కారు హాలు మధ్యలో, తాళ్ళ వెనక ఉంది. పక్కనే ట్రోఫీ. ముందు బోర్డు మీద 'తయారుచేసినది కెవిన్' అని రాసుంది. మా ఆయన పేరు ఎక్కడా లేదు.

నేరుగా కెవిన్ దగ్గరికెళ్ళాను.

"జో పేరేది?" అన్నాను.

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "జో మంచివాడే. అప్పుడప్పుడూ ఓ చెయ్యేసేవాడు, కాదనను. కానీ కారు నాది."

"కారు నీదే. చేసిందెవరు?"

"నేనే."

ఆ మాట అతని నోట్లో ఉండగానే ఇంజిన్ స్టార్టయింది.

పట్టపగలు, హాలు నిండా జనం. కారులో ఎవరూ లేరు. లోపలికి తెచ్చే ప్రతి కారుకీ బ్యాటరీ వైరు విప్పేయాలన్నది అక్కడి నిబంధన. నిర్వాహకుడు పరుగున వచ్చి బానెట్ ఎత్తాడు. వైరు విప్పే ఉంది. నేను చూశాను, రాజు అన్నయ్య చూశారు, ఇంకా చాలామంది చూశారు. కెవిన్ జేబు తడుముకుని తాళంచెవి బయటికి తీశాడు. ఇంజిన్ మాత్రం నింపాదిగా, ఎక్కడా తడబడకుండా ఆడుతోంది.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. ఈసారి కెవిన్ మీద కాదు. తాడు దాటి వెళ్ళి మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించాను.

"ఇక చాల్లెండి. ఆపండి," అన్నాను తెలుగులోనే.

ఆగిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు రాజు అన్నయ్య అన్నారు: "వేడి మీదున్న ఇంజిన్ ఆఫ్ చేశాక కూడా కాసేపు ఆడుద్ది చెల్లెమ్మా, అది నాకు తెలుసు. ఇది నిన్నట్నుంచీ కదల్లేదు. చల్లటి ఇంజిన్ దానంతటదే ఎలా లేస్తది? ఐ కాంట్ ఎక్స్‌ప్లెయిన్ ఇట్."

కెవిన్ ఆ సాయంత్రమే బోర్డు తీసేశాడట. దాని మీద జోసెఫ్ పేరు మాత్రం రాయలేదు. కొన్నాళ్ళకు కారును ఎవరికో అమ్మేశాడు. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు.

అది ఎలా స్టార్టయిందో, ఎందుకు ఆగిందో నేను చెప్పలేను. ఆయనే వచ్చారని మా చర్చిలో కొందరు నన్ను ఓదారుస్తారు. ఆయనే అయితే నాకు మరీ కోపం. ఆయన పోయాక మా పాప నెలల తరబడి ఇంటి ముందుగదిలో సోఫా మీదే పడుకుంది, డాడీ వస్తే తలుపు తనే తియ్యాలని. దాని దగ్గరికి రాలేదు. కారు దగ్గరికి వచ్చారు.