పిడకల గోడ

హౌరాలో లోకల్ రైలెక్కి సంత్రాగాఛి వెళ్తుంటే, కిటికీలోంచి గోడల మీద రాతలు చూసి ఏ వీధి ఏ పార్టీదో చెప్పేయొచ్చు. ఆ రోజుల్లో ఎక్కువ గోడలు ఎర్రజెండా వాళ్లవే. సంత్రాగాఛిలో మా అత్త ఇంటి గోడ మాత్రం ఎవరిదీ కాదు. దాన్నిండా పిడకలుండేవి.

అత్తకి రెండు గేదెలు. రైల్వే యార్డులో పనిచేసే మావయ్య ఎర్రజెండా యూనియన్ మనిషి. ఎన్నికలొస్తే గోడ రాయడానికి కుర్రాళ్లు సున్నం బకెట్లతో వచ్చేవారు. అత్త పేడ చేతులతోనే గుమ్మంలోకొచ్చి, వాళ్ల బెంగాలీలోనే "పిడకలు ఆరనీండి దాదా" అనేది. అవతలి పార్టీ వాళ్లకీ అదే మాట. ఆరినవి ఊడదీసిన చోటే పచ్చివి కొట్టేది. పోలింగు దాకా గోడ ఖాళీ అయ్యేదే కాదు.

"యూనియన్లో నా మొహం ఎక్కడెట్టుకోను? ఆ గోడిచ్చీయే," అని మావయ్య బతిమాలేవాడు.

"గోడిచ్చీసినాక ఓటు నాకెందుకు మరి?" అనేది అత్త, ఇంకో ముద్ద పిసుకుతూ.

అత్త ఓటు ఎటని వీధిలో వాళ్లు తెగ వాదించుకునేవారు. అత్త అందరికీ టీ ఇచ్చేది, ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడేది.

ఒక ఎన్నికలప్పుడు నేనక్కడే ఉన్నాను. ఇద్దరూ కలిసే వెళ్లి ఓటేసొచ్చారు. మావయ్య ఉండబట్టలేక మెల్లిగా అడిగాడు.

"ఇంతకీ ఎవులికేసేవే?"

వేలి మీద సిరా ఆరకుండానే అత్త పేడతట్ట ముందు కూర్చుంది.

"పోలింగయిపోనాది గదా, రేపు గోడ ఖాళీ చేసెస్తాను. మీవోళ్లని ఏటి రాసుకుంటారో రాసుకోమను," అంది.