పైనీళ్ళ మనిషి

ఓద్వార్‌కి ఏరంటే పైనీళ్ళే. చలికాలపు దుప్పి వెంట్రుక లోపల బోలుగా ఉంటుందని, ఆ కాలం తోళ్ళే ఏరుకొచ్చి, వెంట్రుకల్ని గాలానికి బిగించి చేపలకి ఎరగా దొంగ ఈగలు కట్టేవాడు. నురగలు కక్కే ఉరవడిలో కూడా అవి మునిగేవి కావు. ట్రౌట్ చేప తనంతట తాను పైకొచ్చి అందుకోవాలి. అడుగున వానపాము ఎరవేసి పట్టడం ఆయన దృష్టిలో దొంగతనం. అందుకే ఎదురింటి రైదార్‌తో ముప్ఫై ఏళ్ళుగా మాటల్లేవు.

జూన్‌లో నార్వే కొండల మీది మంచు కరిగి ఏరు పోటెత్తినప్పుడు, ఓద్వార్ తమ్ముడు మాగ్నే పెద్దబండ మీంచి జారిపడి మునిగిపోయాడు. వెతకడానికొచ్చినవాళ్ళు నీళ్ళు తగ్గాక చూద్దామని వెళ్ళిపోయారు.

"ఒక్కసారి ఆయన ముఖం చూపించండి బావగారూ, ఇంకేం అడగను," అంది మాగ్నే భార్య తూరిద్.

"చూపిస్తానమ్మా. ఈ ఏరు నాకు తెలియందా?" అన్నాడు ఓద్వార్.

మర్నాడు అదే బండ మీద నిలబడి, తమ్ముడు ఎటు కొట్టుకుపోయాడో తెలుస్తుందని, గాలం మొనలు కత్తిరించిన ఈగల్ని నీళ్ళలో వదిలాడు. అన్నీ బుద్ధిగా తేలుతూ వెళ్ళి దిగువన రంపపు మిల్లు మడుగులో చేరాయి. రోజంతా ఆ మడుగుని గెడతో కలియబెట్టాడు.

గట్టు మీంచి చూస్తున్న రైదార్ ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఒరేయ్ ఓద్వార్, నీ ఈగలు తేలేవిరా. మునిగినవాడు అటెందుకు పోతాడు? ఎరని అడుక్కి దించే నా సీసపు గుండ్లు ఎక్కడ ఇరుక్కుంటాయో చూపిస్తా, రా."

"వానపాములోడివి, నువ్వా నాకు చెప్పేది? పో అవతలికి!"

"నా మీద కోపం వాడి మీద చూపించకురా."

ఓద్వార్ వింటేగా! తమ్ముడి శవం నీళ్ళలో నానుతుంటే ఈయనగారికి పరువు గుర్తొచ్చింది. రోజూ బండెక్కి ఈగలు వదలడం, వెళ్ళి మడుగు కెలకడం. ఆరోరోజుకి అరచేతులు బొబ్బలెక్కి, గెడ పట్టుకోలేక, వెళ్ళి రైదార్ తలుపు తట్టాడు.

రైదార్ తాగుతున్న కాఫీ పక్కన పెట్టి బూట్లు తొడుక్కున్నాడు. బండ పక్కనే సీసపు గుండు వదిలాడు. అది దిగువకి పోలేదు. సుడి తిరిగి బండ కిందికే దూరి ఆగిపోయింది. కొక్కెం గెడ దించితే మాగ్నే కోటు తగిలింది. ఇన్ని రోజులూ ఓద్వార్ నిలబడ్డది తమ్ముడి మీదే.

రాళ్ళకి ఒరుసుకుని ముఖం మిగల్లేదు. ఎవరికీ చూపించకుండానే పెట్టెకి మేకులు కొట్టేశారు.

"ముందే దొరికుంటే చూసేదాన్నా, బావగారూ?" అనడిగింది తూరిద్.

లేదమ్మా అంటే ఆమె నమ్మేసేది.

"రెండోరోజే చూపిస్తానన్నాడమ్మా రైదార్," అన్నాడు ఓద్వార్. "నేనే పొమ్మన్నాను."